నొప్పిని ఓర్చుకోవాలంటే సైక్లింగా, బరువులా, నడకా?

"ఏ ఎక్సర్‌సైజ్ చేస్తే నొప్పులు అంతగా బాధించవు?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నొప్పి తెలియడం మొదలయ్యే దశ వేరు, "ఇక నావల్ల కాదు బాబోయ్" అనే దశ వేరు. రోజూ చేసే వ్యాయామం ఎక్కువగా మార్చేది రెండోదాన్నే.

2014లో ఆస్ట్రేలియాలో కొందరు ఆరోగ్యవంతులతో 6 వారాలు, వారానికి 3 సార్లు, అరగంట చొప్పున గట్టిగా సైకిల్ తొక్కించారు. పరీక్షేమో చేతికి! పట్టీ బిగించి, రక్తం ఆడని ఆ చేత్తోనే పిడికిలి బిగిస్తూ వదులుతూ ఉండమన్నారు. నొప్పి మొదలయ్యే దశ మారలేదు గానీ, ఓర్చుకునే సమయం పెరిగింది. శ్రమపడింది కాళ్లు, ఓర్పు వచ్చింది చేతికి. అంటే మార్పంతా కండలోనే లేదు, మెదడులోనూ ఉందని నా లెక్క.

నా ఓటు సైక్లింగ్‌కే, అదీ మధ్యమధ్యలో స్పీడు పెంచి తొక్కేదానికి. రొప్పు వచ్చి, తొడలు మండుతూ, ఆపేద్దామనిపించినా ఇంకో అర నిమిషం తొక్కుతాం చూడండి, అసలు సాధన అక్కడే. 2017లో వచ్చిన ఇంకో చిన్న పరిశోధనలో నిదానంగా తొక్కినవాళ్లకీ, ఇలా విడతలుగా గట్టిగా తొక్కినవాళ్లకీ దమ్ము దాదాపు ఒకేలా పెరిగింది. నొప్పిని ఓర్చుకోవడం మాత్రం రెండో జట్టుకే పెరిగింది.

బరువులూ తక్కువేం కాదు. ఒంటి బరువునే మోస్తూ, గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు కదలకుండా ఉండే వ్యాయామం అయిన వెంటనే చాలామందికి నొప్పి కాస్త తక్కువగా తెలుస్తుంది, కానీ ఆ ఫలితం కొద్దిసేపే. పైగా కొత్తగా బరువులెత్తితే ఒకటి నుంచి మూడు రోజులు ఒళ్లు పట్టేస్తుంది. మొదటి వారం నేను రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి మెట్లు దిగాను. కొన్నాళ్లు ఆపకుండా చేస్తే ఆ పట్టేయడం తగ్గుతుంది లెండి.

నడకా? అసలు కదలకపోవడం కంటే చాలా నయం. యోగా సంగతీ అడుగుతున్నారు. ఇష్టమైతే చేయండి, ఈ పోటీలో మాత్రం దాన్ని కలపను.

పైన చెప్పిందంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మాట. ఫైబ్రోమయాల్జియా లాంటి దీర్ఘకాలపు నొప్పులున్న కొందరికి గట్టి వ్యాయామం వల్ల నొప్పి తగ్గకపోగా అప్పటికి పెరగొచ్చు. వాళ్లయితే సైకిల్ పక్కనపెట్టి, డాక్టర్‌ని అడిగి, పది నిమిషాల నడకతో మొదలుపెట్టడమే మేలు.