జీపుకి రెండో బ్యాటరీ: విక్ట్రాన్ ఓరియన్ చార్జర్ కోనసీమలో నిలుస్తుందా?

అంతర్వేది, ఓడలరేవు ఇసుకలో రాత్రంతా ఫ్రిజ్, లైట్లు నడవాలి, తెల్లారి ఇంజన్ స్టార్ట్ అవ్వాలి అంటే ఓరియన్ టీఆర్ స్మార్ట్ 12/12-30 (ఇంజన్ నడిచేటప్పుడు 12 వోల్టుల రెండో బ్యాటరీని 30 ఆంపియర్ల దాకా చార్జ్ చేసే పెట్టె) మంచి ఎంపిక. చౌకరకం ఐసొలేటర్ రిలే సుమారు 13.3 వోల్టుల దగ్గర రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, అంతే. స్మార్ట్ ఆల్టర్నేటర్ (అవసరాన్ని బట్టి వోల్టేజీ మార్చుకునే, ఇంజన్‌తో తిరిగే కరెంటు యంత్రం) ఉన్న కొత్త బండ్లలో వోల్టేజీ మధ్యమధ్యలో దిగిపోతుంది కాబట్టి రిలే విడిపోయి రెండో బ్యాటరీ సగంలోనే ఆగుతుంది. ఓరియన్ మాత్రం వోల్టేజీని తనే పెంచుకుని లిథియం బ్యాటరీకైనా ఏజీఎమ్‌కైనా (సీలు చేసిన లెడ్ యాసిడ్ రకం) సరిపడా ఇస్తుంది. మీ బ్యాటరీ ఏ రకమో ఫోన్‌లో సెట్ చేయడం మరవద్దు.

లోపం వేడి. 40 డిగ్రీలు దాటితే ఆంపియర్లు తగ్గించుకుంటుంది. మన మే నెలలో బానెట్ కింద పెడితే 30 ఆంపియర్లు కలే. పైగా నీళ్లు తట్టుకునే పెట్టె కాదు. సీటు వెనక, గాలాడేచోట నిలువుగా బిగించండి.

16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయండి. 60 ఆంపియర్ల ఫ్యూజు రెండు బ్యాటరీల దగ్గరా ఉండాలి, ఎందుకంటే వైరు ఒరిసి బాడీకి తగిలితే మంట ఏ వైపు నుంచైనా పుడుతుంది.

ఇక్కడ అసలు శత్రువు ఉప్పుగాలి. తగరం పూతలేని లగ్గు (కేబుల్ చివర నొక్కి బిగించే రాగి కొక్కెం) వేస్తే స్లీవ్ కింద పచ్చటి పొడి పడుతుంది, వైరు నల్లబడి వేడెక్కుతుంది. ఎర్త్ బోల్టు (నెగటివ్ వైరును బాడీకి బిగించేది) దగ్గర పెయింటు గీకి, బిగించాక గ్రీజు పూయాలి. ఏటా వానలయ్యాక విప్పి చూడండి.