పెళ్లి డిస్కుకు ఏ ప్లేయర్ మేలు?

మా ఇంట్లో డీవీడీని ఇప్పటికీ ‘పెళ్లి క్యాసెట్’ అనే అంటారు. హనుమకొండలో జరిగిన మా అక్క పెళ్లి అందులో ఉంది. పాత ప్లేయర్ మొరాయించడంతో ఆ డిస్కు కోసమే కొత్తది వెతకాల్సి వచ్చింది. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో వచ్చే చవక ప్లేయర్, బొమ్మనూ ధ్వనినీ ఒకే వైరులో డిజిటల్‌గా పంపే హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ ప్లేయర్, డీవీడీలను కూడా చదివే బ్లూ-రే ప్లేయర్... ఈ మూడింటిలో ఏది?

చవక రకం పాత డబ్బా టీవీకి చాలు. దాని పసుపు వైరులో వెలుగూ రంగూ కలిసి ఒకే తీగలో వస్తాయి. వాటిని విడదీయడం టీవీ పని. పెద్ద తెర మీద ఆ పని తేలిపోతుంది: పట్టుచీర అంచున ఎరుపు రంగు పక్కకు పాకుతుంది. హెచ్‌డీఎంఐలో ఈ బాధ లేదు. నన్నడిగితే, ప్లేయర్ కంపెనీ పేరు కన్నా ముందు చూడాల్సింది ఈ వైరునే.

అయితే హెచ్‌డీఎంఐ ప్లేయర్ అట్ట మీద రాసే ‘1080’ (బొమ్మలోని అడ్డ గీతల లెక్క) చూసి మురిసిపోకూడదు. మన దేశపు ‘పాల్’ అనే టీవీ పద్ధతి డీవీడీలో ఉండేది 720×576 చుక్కలే. ప్లేయర్ వాటిని సాగదీస్తుందే తప్ప లేని వివరాన్ని పుట్టించలేదు. పైగా పెళ్లి వీడియోల్లో ఎక్కువగా ఒక్కో బొమ్మ సరి, బేసి గీతలుగా రెండు సగాలై, సెకనుకు 50 సగాల చొప్పున వస్తుంది. ఆ సగాలను సరిగా అతకలేని ప్లేయర్‌లో వేగంగా కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. తలంబ్రాల ఘట్టం దీనికి గట్టి పరీక్ష. మంచి బ్లూ-రే ప్లేయర్ ఇక్కడే నెగ్గింది.

మరి అదే కొనవచ్చు కదా? మా బీరువాలో వీసీడీలు కూడా ఉన్నాయి, కొన్ని బ్లూ-రే ప్లేయర్లు వాటిని చదవవు. బ్లూ-రే డిస్కులు కొనేవారికి 1920×1080 బొమ్మ నిజమైన లాభమే. మేం కొనం.

అక్క పెళ్లి బొమ్మ మసకగా ఉండటానికి అసలు కారణం వేరే. నాలుగు గంటల తంతును 4.7 జీబీ డిస్కులో కుక్కారు. అంటే సెకనుకు సుమారు 2.6 మెగాబిట్లు. డీవీడీలో బొమ్మకు 9.8 దాకా వాడుకునే వీలుంది. ఈ లోటును ఏ ప్లేయరూ పూడ్చలేదు.

ధ్వని సంగతి తేలిక. సినిమా డిస్కుల్లో 5.1, అంటే ఆరు చానళ్ల ధ్వని, ఉంటే దాన్ని హోమ్ థియేటర్‌కు పంపడానికి కోయాక్సియల్ లేదా ఆప్టికల్ అనే డిజిటల్ ధ్వని రంధ్రం ఉందా అని చూసుకోవాలి. మా పెళ్లి డిస్కులో ఉన్నది రెండు చానళ్లే. పలుచని టీవీ స్పీకర్లలో డప్పు రేకు డబ్బాలా మోగుతుంది కనుక విడి స్పీకర్లు ఉంటే మేలు.

చివరికి కోయాక్సియల్ కూడా ఉన్న హెచ్‌డీఎంఐ డీవీడీ ప్లేయర్ వైపే మొగ్గాను. దుకాణంలో తళతళలాడే డెమో డిస్కు పెట్టబోతే వద్దని, అక్క పెళ్లిదే పెట్టమన్నాను. తలంబ్రాలు చూడగానే నా పరీక్ష ముగిసింది. అక్కడ పనిచేసే కుర్రవాళ్లు మాత్రం అప్పగింతల దాకా ఆపనివ్వలేదు.