రోజుకు ఒక వంతు: ఈమెయిల్‌లో ఆడే యుద్ధక్రీడలు

కంప్యూటర్ యుద్ధక్రీడ కొనేవాళ్లు సాధారణంగా మ్యాపు ఎలా ఉంది, ఎన్ని రకాల ట్యాంకులున్నాయి అని చూస్తారు. ఈమెయిల్ ద్వారా మరో మనిషితో ఆడదలచుకున్నవాళ్లు వాటికంటే ముందు ఇంకొకటి చూడాలి. ప్రత్యర్థి తన వంతులో చేసినదాన్ని ఆట మనకు ఎంత చూపిస్తుంది, ఎంత దాస్తుంది? చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ చాలా ఏళ్లుగా రాత్రిళ్లు ఈ ఆటలు ఆడుతున్న నాకు తేలింది ఇదే. ఈ ఒక్కటి కుదిరిన ఆట ఎంత పాతదైనా విసుగు పుట్టించదు. కుదరనిది ఎంత అందంగా ఉన్నా నెల తిరక్కుండా మూలపడుతుంది.

తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. నా వంతులో సైన్యాలకు ఆదేశాలిచ్చి, పాస్‌వర్డ్ పెట్టిన ఫైలును ఈమెయిల్‌కు జోడించి పంపిస్తాను. అవతలివారు తీరిక దొరికినప్పుడు తెరిచి, నేను చేసింది చూసి, తమ ఆదేశాలిచ్చి తిప్పి పంపుతారు. ఇద్దరూ ఒకే సమయంలో కంప్యూటర్ ముందు కూర్చోనక్కరలేదు. ఉత్తరాల మీద చదరంగం ఆడటం కంప్యూటర్లకు ఎంతో ముందే ఉంది. డిప్లొమసీ అనే ఆటనైతే అమెరికాలో 1963 నుంచే తపాలాలో ఆడారు.

నేను ఎక్కువ కాలం గడిపింది 2009లో వచ్చిన 'వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్'తో. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌కూ మిత్రపక్షానికీ మధ్య సాగిన పోరు దాని కథ. అది 1941 డిసెంబర్ 7న మొదలవుతుంది. ఒక్కో వంతు ఒక్క రోజు. యుద్ధమంతా ఆడితే 1,500కు పైగా వంతులు. రోజూ తప్పకుండా ఆడినా నాలుగేళ్లు దాటుతుంది. మ్యాపులో ఒక్కో గడి 40 నాటికల్ మైళ్లు. అమెరికా పడమటి తీరం నుంచి మన దేశం దాకా అంతా ఉంటుంది, మద్రాసు రేవుతో సహా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించారు, జనం మూటలు కట్టుకుని రైళ్లెక్కారు. ఇవి మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పుకున్న సంగతులు. అందుకే బంగాళాఖాతంలో జపాన్ విమానవాహక నౌకలు కనిపించాయని నివేదిక వచ్చిన రాత్రి నా కళ్లు మొదట వెళ్లేది మన తీరం మీదికే.

ఈ ఆటలో నా ప్రత్యర్థి నెల్లూరులో ఉంటారు. వయసులో నాకంటే పెద్దవారు, అన్నా అని పిలుస్తాను. ఆయనది జపాన్, నాది మిత్రపక్షం. ముందు ఆయన ఆదేశాలిచ్చి ఫైలు పంపుతారు. నేను నావి చేర్చి తిప్పి పంపుతాను. రెండు పక్షాల కదలికలనూ కలిపి ఆ రోజు యుద్ధాన్ని ఆయన కంప్యూటర్ నడుపుతుంది. తర్వాత ఆ రోజు జరిగింది చూపించే రీప్లే, కొత్త ఫైలు నాకు వస్తాయి. ఆ రీప్లేలో నా దళాలు చూసినదే నాకు కనిపిస్తుంది. ఎన్ని ఓడలో, ఎటు వెళుతున్నాయో చాలాసార్లు ఊహించుకోవాల్సిందే. పైలట్ యుద్ధనౌక అని చెప్పింది చివరికి సరుకుల ఓడ అయి ఉండొచ్చు.

ఒక దశలో నేను మద్రాసు రేవులో రవాణా ఓడలను కావాలనే పోగుచేశాను. పోర్ట్‌బ్లెయిర్ అప్పటికే ఆయన చేతిలో ఉంది. అక్కడి నుంచి జపాన్ గస్తీ విమానాలు వచ్చి చూసిపోతూ ఉన్నాయి. నాకు కావలసింది అదే. వాటిని తరిమేంత గట్టిగా యుద్ధవిమానాలను పెట్టలేదు. కొన్ని వంతుల తర్వాత ఫైలుతోపాటు ఒక వాక్యం వచ్చింది: "తమ్ముడూ, మద్రాసులో ఏమిటంత సందడి?" దానికి నేను జవాబివ్వకుండా నెల్లూరులో ఎండలెలా ఉన్నాయని అడిగాను. అండమాన్‌కు బర్మా నుంచి దళాలు చేరుతున్న జాడలు కనిపించాయి. మద్రాసు నుంచి అండమాన్ మీద దాడి వస్తుందని ఆయన నమ్మారు. అప్పుడు చిట్టగాంగ్‌లో దాచిన సైన్యంతో బర్మా తీరంలోని అక్యాబ్ మీద దిగాను. ఆ రీప్లే చూశాక ఆయన రాసిన ఉత్తరం నా దగ్గర ఇంకా భద్రంగా ఉంది. దాని నిండా మెచ్చుకోలే.

కంప్యూటర్ ప్రత్యర్థితో ఈ ఎత్తు సాగదు. అది ముందే రాసిపెట్టిన ప్రణాళికల ప్రకారం నడుస్తుంది. మద్రాసులో ఓడలు చూసి దానికి కంగారు పుట్టదు, అండమాన్‌కు దళాలు పంపదు. మోసపోవడానికి కూడా ఒక మనసు ఉండాలి. ఈమెయిల్ ఆటలో ఆ మనసుకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. పగలంతా ఆఫీసు పనిలో ఉన్నా, లోకల్ రైల్లో నిలబడి ఉన్నా, 'ఆయన నిజంగా నమ్మారా, నమ్మినట్టు నటిస్తున్నారా' అన్న ప్రశ్న వెంటాడుతుంది. ఈ ఆటల అసలు రుచి అక్కడే ఉంది.

ఇంత పెద్ద ఆటకు ముందుగా ఒప్పందాలు రాసుకోవాలి. యుద్ధం నడిచేది ఒకరి కంప్యూటర్‌లో కాబట్టి నచ్చని ఫలితం వస్తే మళ్లీ నడపననే నమ్మకం మొదటి షరతు. ఒక ప్రాంతపు కమాండుకు కట్టుబడిన దళాలను, ఆట మనకిచ్చే 'రాజకీయ పాయింట్లు' చెల్లించకుండా సరిహద్దు దాటించకూడదు, యుద్ధవిమానాలు ఫలానా ఎత్తు మించి ఎగరకూడదు వంటివి చాలామంది పాటించే నియమాలు. మేమిద్దరం వీటన్నిటినీ ఒకే ఉత్తరంలో రాసుకున్నాం. పేచీ వచ్చినప్పుడల్లా దాన్నే తెరిచి చూస్తాం.

'కంబాట్ మిషన్' ఆటల దారి వేరు. 2000లో మొదలైన ఈ వరుసలో ఒక వంతు అంటే 60 సెకన్లు. ఇద్దరి ఆదేశాలూ ఒకేసారి అమలవుతాయి. ఆ నిమిషాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ ఎన్నిసార్లయినా చూడొచ్చు. ఒక కంచె వెనక నుంచి వచ్చిన గుండు ఏ ట్యాంకుదో తెలుసుకోవడానికి అదే నిమిషాన్ని నాలుగు మూలల నుంచీ చూస్తూ కూర్చుంటాను. ప్రత్యర్థి చర్యను చూపించడంలో దీన్ని మించింది నేను చూడలేదు. ఇబ్బంది ఫైళ్ల బరువే. 2011 నాటి నార్మండీ ఆట నుంచి పెద్ద పోరాటాల ఫైళ్లు ఈమెయిల్‌లో పట్టవు. ఇద్దరికీ అందుబాటులో ఉండే ఆన్‌లైన్ ఫోల్డర్ పెట్టుకోక తప్పదు.

2011లోనే వచ్చిన 'పాంజర్ కోర్' లాంటివాటిలో ఫైళ్ల బాదరబందీ లేదు. స్లిథరిన్ సంస్థ సర్వరే వంతులను దాచి అందిస్తుంది, మనకు కబురు మాత్రమే ఈమెయిల్‌లో వస్తుంది. మళ్లీ మళ్లీ ఆడి మంచి ఫలితం ఏరుకునే వీలు తక్కువ. కొత్తవారికి ఇది సుఖం. నాకు మాత్రం ఫైలుతోపాటు వచ్చే ఆ రెండు వాక్యాల ఉత్తరం లేకపోతే ఆటలో సగం పోయినట్టే.

ఇక నిజమైన బాధ ఒకటుంది. ఓడిపోతున్నామని తెలియగానే కొందరు మాట్లాడటం మానేస్తారు. ఉత్తరం రాస్తే జవాబుండదు. నెలల తరబడి నడిపిన యుద్ధం 1942 నడిమధ్యలో ఆగిపోతే ఎంత కష్టంగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. ఓటమిలో కూడా వంతు పంపేవారే నా లెక్కలో గొప్ప ఆటగాళ్లు, వాళ్ల ఎత్తులు ఎంత సాధారణమైనవైనా సరే. నెల్లూరు అన్న అలాంటివారు. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచి, నెల్లూరు మీదుగా సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. వేళచ్చేరిలో మా వీధి నీళ్లలో ఉంది, కరెంటు లేదు. ఆయన ఇంట్లోనూ అదే పరిస్థితి. అందరూ ఒకేసారి కూర్చుని ఆడే ఆటైతే అక్కడితో తెగిపోయేది. కరెంటు వచ్చాక చూస్తే ఆయన ఫైలు ముందే వచ్చి ఉంది. "తమ్ముడూ, అందరూ క్షేమమేనా? వంతుకు తొందరలేదు" అని రాశారు.

కొత్తగా మొదలుపెట్టేవారు అడ్మిరల్స్ ఎడిషన్ పూర్తి యుద్ధం జోలికి వెంటనే వెళ్లకండి. అందులోనే పసిఫిక్‌లోని గ్వాడల్‌కనాల్ దీవి పోరు వరకు పరిమితమైన చిన్న ఘట్టం ఉంది, దానితో ప్రత్యర్థి తీరు తెలిసిపోతుంది. డబ్బు పెట్టే ముందు రుచి చూడాలంటే 1995 నాటి 'స్టీల్ పాంథర్స్' నుంచి పుట్టిన 'విన్‌ఎస్‌పీఎంబీటీ' అనే ఆట ఉచితంగా దొరుకుతుంది. 1946 నుంచి మొదలయ్యే పోరాటాలు దాని పరిధి. పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, ఫైళ్లు చిన్నవి. ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ ఉందో లేదో మొదటి ఉత్తరంలోనే అడగండి. వారానికి ఎన్ని వంతులు వీలవుతాయో, పండగలకూ పెళ్లిళ్లకూ ఎన్నాళ్లు ఆగాలో కూడా అందులోనే రాయండి.