పారిస్ వీధుల్లో యాంటీ థెఫ్ట్ బ్యాగ్: ఎంతవరకు పనికొచ్చింది?

ఈ బ్యాగ్‌ను హైదరాబాద్‌లో ఒక లగేజీ షాపులో రెండున్నర వేలకు కొన్నాను. భుజం మీదుగా అడ్డంగా వేసుకునే చిన్న నల్ల బ్యాగ్. పట్టీ లోపల సన్నటి ఉక్కు తీగ ఉంది, బ్లేడుతో ఒక్క గీతకు తెగదు. పెద్ద జిప్పు చివర ఒక కొక్కేనికి తగులుకుంటుంది. ఆ కొక్కెం నొక్కితే గానీ జిప్పు కదలదు. వెనకవైపు, మన పొట్టకు ఆనుకునే పక్క, ఇంకో జిప్పు అర ఉంది. నా పాస్‌పోర్టు, మావారి పాస్‌పోర్టు అందులోనే. పరాయి దేశంలో పాస్‌పోర్టు పోతే మన రాయబార కార్యాలయం చుట్టూ తిరిగి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానితో ఇంటికి రావడమే, మిగతా ఊళ్లు చూడటం ఉండదు. అందుకే నాకు ఆ వెనక అర అన్నిటికన్నా ముఖ్యం. దానికి పూర్తి మార్కులు.

కొక్కేనికి అసలు పరీక్ష ఐఫిల్ టవర్ ఎదురుగా, ట్రోకాడెరో దగ్గర జరిగింది. అట్టకు కాగితాలు తగిలించుకున్న అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి తిరుగుతుంటారు. ‘ఇంగ్లిష్ వచ్చా?’ అని అడిగి, చెవిటి మూగ పిల్లల కోసం సంతకం పెట్టమంటారు. సంతకం పెడితే వెంటనే చందా అడుగుతారు. అంతకన్నా ప్రమాదం ఆ అట్టే. నా దగ్గరికి వచ్చిన అమ్మాయి దాన్ని సరిగ్గా నా బ్యాగ్ పైన, నాకు బ్యాగ్ కనపడకుండా పట్టుకుంది. కింద జిప్పు దగ్గర చిన్న లాగుడు తగిలింది. కొక్కెం వదల్లేదు. నేను రెండడుగులు వెనక్కి వేసి గట్టిగా ‘నాన్!’ (ఫ్రెంచిలో ‘వద్దు’) అన్నాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు, అమ్మాయిలు వెళ్లిపోయారు. మామూలు జిప్పయితే పర్సు పోయేది. బ్యాగ్ కోసం పెట్టిన డబ్బంతా ఆ ఒక్క క్షణంలో వచ్చేసిందనే అనుకుంటాను.

అయితే బ్యాగ్ ఏమీ చేయలేని చోట్లు కూడా ఉన్నాయి. మోంమార్త్ర కొండ మీద సాక్రె కర్ చర్చి ఉంది కదా, దాని కింద పార్కు మెట్ల దగ్గర రంగు దారాలు పట్టుకున్న కుర్రాళ్లు గుంపుగా నిలబడతారు. మనల్ని చూడగానే ‘ఇండియా? నమస్తే!’ అంటారు. పలకరించారు కదా అని చెయ్యి చాచామా, వేలికి దారం తగిలించి అల్లడం మొదలుపెడతారు. మణికట్టుకు ముడి వేసేశాక పది యూరోలో ఇరవయ్యో ఇవ్వమని చుట్టూ చేరతారు. పెద్దవాళ్లు ఇక్కడ భయపడిపోతారు. నేను రెండు చేతులతో బ్యాగ్ పట్టీ పట్టుకుని, మొహం చూడకుండా, ఆగకుండా నడిచాను. చెయ్యి దొరక్కపోతే వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న మావారికి ఆ మెట్లే వద్దనుకుని, పక్కనే ఉన్న ఫ్యునిక్యులర్ (కొండ మీదికి వెళ్లే చిన్న రైలు పెట్టె) ఎక్కించాం. మెట్రోకు వాడే నావిగో పాస్ దానికీ చెల్లుతుంది. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఆ దారే పట్టండి.

సెన్ నది ఒడ్డున ఉంగరం ఆట కూడా చూశాను. మన ముందు నడిచే మనిషి వంగి ఒక బంగారు రంగు ఉంగరం తీసి ‘మీదేనా?’ అంటాడు. కాదంటే ‘నాకు పట్టదు, మీరే ఉంచుకోండి’ అని చేతిలో పెట్టి, ఆ వెనకే టీ తాగడానికి డబ్బులడుగుతాడు. అది ఇత్తడి. ఐఫిల్ టవర్ దగ్గర మూడు డబ్బాల కింద ఉండను దాచి పందెం కాయించే వాళ్లుంటారు. మన తిరునాళ్లలో చూసిందే. గెలుస్తున్నట్టు కేకలు పెట్టేవాళ్లంతా ఆ ముఠా మనుషులే. నిలబడి చూడటం కూడా వద్దు, చూసేవాళ్ల జేబులే వాళ్లకు కావాలి.

బ్యాగ్ అమ్మిన డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన ఆర్‌ఎఫ్‌ఐడీ రక్షణ, అంటే కార్డులోని చిప్‌ను బయటి నుంచి యంత్రంతో చదవనివ్వని అర, నాకు ఎందుకూ పనికి రాలేదు. అక్కడ దొంగతనం చేతులతోనే జరుగుతోంది. పైగా నావిగో కార్డును ఆ అరలో పెడితే మెట్రో గేటు చదవదు, ప్రతిసారీ బయటికి తీయాలి. అందుకని కార్డును ముందు అరలో పెట్టుకున్నాను.

ఇక అడుక్కునేవాళ్ల సంగతి. దయచేసి వీళ్లను మోసగాళ్లతో కలపకండి. ఫ్రాన్స్‌లో అడుక్కోవడం 1994 నుంచి నేరం కాదు. బెదిరించి అడగడం, పిల్లల్ని అందుకు వాడటం మాత్రం నేరమే. చలిలో పేవ్‌మెంట్ మీద మోకాళ్ల మీద కూర్చుని, తల దించుకుని, ముందు కాగితం గ్లాసు పెట్టుకున్న ముసలామెను చూసి నేను పక్కకు తప్పుకోలేకపోయాను. ‘అందరూ ముఠాలే ఆంటీ’ అని మాతో ఉన్నవాళ్లు అన్నారు. ముఠాలు ఉంటాయి, నిజమే. కానీ ఆమె నన్ను పిలవలేదు, కొంగు పట్టుకోలేదు. బేకరీలో ఒక బ్రెడ్ కొనిచ్చాను, తీసుకుంది. చిల్లర ఇవ్వాలనుకుంటే స్వెట్టర్ జేబులో విడిగా కొన్ని నాణేలు ఉంచుకోండి. దానం కోసం నడిరోడ్డు మీద బ్యాగ్ తెరవకూడదు, కొక్కెం విప్పి పర్సు తీసేటప్పుడు ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. రోడ్డు మీద ఇవ్వడం ఇష్టం లేనివాళ్లకు రెస్తో దు కర్ అనే సంస్థ ఉంది, 1985 నుంచి పేదలకు అన్నం పెడుతోంది.

బ్యాగ్‌లో లోపాలూ ఉన్నాయి. పట్టీలో తీగ వల్ల సాయంత్రానికి భుజం ఒరుసుకుంటుంది, కింద చున్నీ మడిచి వేసుకోవాల్సి వచ్చింది. అదే చున్నీ అంచు కొక్కెంలో ఇరుక్కుని ఒకచోట చిరిగింది. నీళ్ల సీసా పట్టదు. చలికి వేళ్లు కొయ్యబారినప్పుడు కొక్కెం నొక్కడం నా వయసువాళ్లకు కష్టం.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆన్‌లైన్‌లో కాకుండా షాపుకు వెళ్లి, భుజాన వేసుకుని, ఒక్క చేత్తో కొక్కెం తీయగలుగుతున్నారో లేదో చూసుకుని కొనండి. వెనక జిప్పు అర లేని మోడల్ మాత్రం తగ్గింపు ధరకు ఇచ్చినా వద్దు.