ఆరుగురు సముద్రపు దొంగలు: ముఖాలకు మెచ్చుకోలు, అతుకులకు మొట్టికాయ

బల్లమీద ఆడే చిన్న పోరాటపు ఆటల్లో ఒక్కో పక్షాన ఐదారుగురికి మించి మనుషులు ఉండరు కనుక ప్రతి బొమ్మా రెండు గంటలపాటు ఆటగాళ్ళ కళ్ళముందే నిలిచి ఉంటుంది. వందమంది దండులో దాగిపోయే లోపం ఇక్కడ దాగదు. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోని ముగ్గురు తెలుగు మిత్రులూ నేనూ ఆదివారాల్లో ఫ్రీబూటర్స్ ఫేట్ అనే జర్మన్ ఆట ఆడుతుంటాము. అందులో పాచికలు లేవు. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కాచుకోవాలో కార్డులతోనే తేలుతుంది. ఆ ఆటలో వాడుకుందామని వేరొక తయారీదారు నుంచి తెప్పించిన ఆరు లోహపు బొమ్మల గురించి ఈ సమీక్ష. సుంకం, కొరియర్ ఖర్చు కలుపుకొని 5,200 రూపాయలైంది.

పెట్టెలో ఒక కెప్టెన్, తుపాకీ పట్టిన స్త్రీ, గొడ్డలి మనిషి, చిన్న ఫిరంగితో గోలందాజు, కర్రకాలి వంటవాడు, మందుగుండు మోసే కుర్రవాడు ఉన్నారు. కొలత 28 మిల్లీమీటర్లు. ఇవన్నీ తగరం ప్రధానంగా ఉండే తెల్లలోహపు పోతలు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక దాన్ని రబ్బరు అచ్చుల్లో పోయవచ్చు: రెండు రబ్బరు బిళ్ళలను ఒకదానిపై ఒకటి బిగించి, గిరగిర తిప్పుతూ నడిమధ్యన లోహం పోస్తే, అది ఆ వేగానికి అంచుల్లోని బొమ్మ గుంతల్లోకి చొచ్చుకుపోతుంది. బిళ్ళలు కలిసేచోట బొమ్మ చుట్టూ సన్నని గీత పడటం, గాలి పోయే దారుల్లో లోహం తీగలుగా మిగిలిపోవడం ఈ పద్ధతికి సహజమే కాబట్టి వాటిని తప్పుగా లెక్కించడం న్యాయం కాదు. ఆ గీత ఎక్కడ పడిందన్నదే చూడాలి. అయిదు బొమ్మలకు అది కోటు పక్క కుట్టు వెంబడి, చెవి వెనకగా పోయింది. అచ్చు చేసినవాడి తెలివి అక్కడ తెలుస్తుంది. స్త్రీ బొమ్మకు మాత్రం సరిగ్గా చెంపమీదుగా దిగింది. దాన్ని గీకేసరికి ముఖం కొంచెం చదునైంది.

ఈ పనికి ప్రత్యేకమైన సామాను కొననక్కరలేదు. నగరత్‌పేటలో కంసాలులు వాడే సన్న ఆకురాళ్ళు, శ్రావణం తెచ్చుకున్నాను, ఎస్.పి. రోడ్డులో సర్క్యూట్ బోర్డులకు రంధ్రాలు వేసే 0.8 మిల్లీమీటర్ల సూదులు, చేత్తో తిప్పే డ్రిల్లు దొరికాయి. సీసం కలపలేదని పెట్టెమీదే ముద్రించారు. పాతకాలపు బొమ్మలు చేతికొస్తే మాత్రం ఆకురాయి పొడితో జాగ్రత్తగా ఉండాలి.

అసలు చిక్కు కెప్టెన్‌తో వచ్చింది. బిళ్ళలు రెండే కావడం వల్ల ముందుకు చాచిన చెయ్యి ఒకే పోతలో రావడం కష్టం, విడిగా పోయక తప్పదు. ఆ చేతిని భుజం దగ్గర విడదీసి ఉంటే అతుకు వెడల్పుగా ఉండేది, కోటు మడతలో కలిసిపోయేది కూడా. వీరు మణికట్టుకు కాస్త పైన విడదీశారు. అతికే చోటు పెసరగింజంత కూడా లేదు, దాని చివర ఇంత పొడవు కత్తి. సూపర్‌గ్లూ లాగితే ఊడదు గాని పక్కనుంచి తగిలిన చిన్న దెబ్బకే పుటుక్కుమంటుంది కనుక లోపల ఇత్తడి తీగ దూర్చాను. రెండువైపులా రంధ్రాలు ఎదురెదురుగా రావడానికి ఒకవైపు తడి కుంకుమ చుక్క పెట్టి రెండో ముక్కను అద్దాను. అయినా మొదటిసారి సూది పక్కకు జారి చొక్కా అంచులోంచి బయటికొచ్చింది. వంకరగా వచ్చిన కత్తిని సరిచేస్తున్నప్పుడు తగరం చేసిన సన్నని కిరకిర చప్పుడు విని, అదీ విరిగిందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను.

మిగిలిన సందులను ఎపాక్సీ పుట్టీతో నింపాను. నీలం, పసుపు ముక్కలను సమంగా పిసికితే ఆకుపచ్చగా మారే ఆ ముద్ద చాలాసేపు మెత్తగానే ఉంటుంది. వేలు తడిచేసుకుంటే అంటుకోదు. కొండపల్లిలో తెల్లపొణికి ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికినట్టే ఇదీ. అయితే కొండపల్లి బొమ్మలో మక్కు పనితనంలో భాగం. ఇక్కడ నేను వాడిన పుట్టీలో సగం తయారీదారు చేయాల్సిన పనికి బదులుగా పోయింది.

శిల్పం విషయానికొస్తే కెప్టెన్ ఛాతీమీద ఆరు పిస్తోళ్ళు వేలాడటం అలంకారం కాదు. ఆ కాలపు చెకుముకి పిస్తోలు ఒక్కసారే పేలేది, మళ్ళీ మందు కూరే తీరిక పోరులో ఉండేది కాదు. 1718లో హతుడైన సముద్రపు దొంగ నల్లగడ్డం టీచ్ ఆరేసి పిస్తోళ్ళు ధరించేవాడని 1724లో అచ్చయిన వృత్తాంతం చెబుతుంది. ప్రతి పిస్తోలుకూ చెకుముకి రాయి బిగించే దవడ వరకు చెక్కారు. స్త్రీ బొమ్మకు మాత్రం ఈ శ్రద్ధ దక్కలేదు. 1720లో జమైకాలో ఆన్ బానీ, మేరీ రీడ్ అనే ఇద్దరు ఆడ సముద్రపు దొంగల విచారణలో, వారు మగవారి కోట్లు, పొడవాటి ప్యాంట్లు తొడుక్కుని తలకు రుమాళ్ళు కట్టుకున్నారని ఒక స్త్రీ సాక్ష్యమిచ్చింది. ఈ బొమ్మకేమో బిగుతు రవికె, తొడలదాకా బూట్లు వేశారు. అలాంటి వేషంతో తాళ్ళ నిచ్చెన ఎక్కమని చెప్పగలమా?

గోలందాజు ఫిరంగి పీఠం దాటి ముందుకు పొడుచుకొచ్చింది కనుక శత్రువు బొమ్మను ఆనించి నిలపడం కుదరదు. గొడ్డలి మనిషి వెనక్కి వాలిపోతుంటే ప్లాస్టిక్ పీఠం అడుగున ఇనుప వాషరు అతికాను.

ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే అడుగుపూత, వేయడానికి వాన తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం కోసం వారం రోజులు కాచుకోవలసి వచ్చింది, ఎందుకంటే తేమ గాలిలో స్ప్రే గరుకుగా పడుతుంది. దానికి ముందు సబ్బునీళ్ళతో కడగకపోతే అచ్చులో చల్లిన పొడి మిగిలి రంగు ఊడిపోతుంది.

ఒక్క ముక్కగా వచ్చినవాడు మందుగుండు కుర్రవాడే. పీపాను పొట్టకు హత్తుకోవడంతో చేతులు ఒంటికి అంటుకునే ఉన్నాయి, అతుకన్నదే లేదు. పావుగంటలో సిద్ధమై, ఇప్పటికి మూడుసార్లు బల్లమీదనుంచి గచ్చుమీద పడ్డాడు. మోకాలి దగ్గర గోరంత రంగు లేవడం తప్ప మరేమీ కాలేదు.