రోమ్‌లో సౌలు బొమ్మ చూడాలంటే గైడు అక్కర్లేదు, చిల్లర ఉంటే చాలు

ఈ ప్రయాణంలో దండగ అనిపించిన ఖర్చు ఒక్కటే. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో బొమ్మలు చూపిస్తామని మనిషికి 45 యూరోలు తీసుకున్న టూరు. సాంతా మరియా దెల్ పోపోలో చర్చికి తీసుకెళ్లి, 1606లో ఆయన చేసిన హత్య గురించి పావుగంట చెప్పి, సౌలు బొమ్మ దగ్గర మాత్రం “గుర్రం మీంచి పడ్డాడు” అని సరిపెట్టేశారు. క్రైస్తవులను హింసించిన సౌలు, దారిలో ఆకాశం నుంచి వెలుగు మెరిసి నేల మీద పడి, క్రీస్తు స్వరం విని మారిపోయిన కథ బైబిల్లోని అపొస్తలుల కార్యములు గ్రంథంలో ఉంది. అది కంఠతా వచ్చిన మా అత్తయ్య “9వ అధ్యాయంలో గుర్రం ఊసే లేదు కదా?” అని అడిగితే జవాబు లేదు. ఆవిడ ముఖం చిన్నబోయింది. తీరా చూస్తే ఆ చర్చికి టికెట్టే లేదు!

మెట్రో ఎ లైనులో ఫ్లమీనియోలో దిగండి. టికెట్ 1.50 యూరోలు. కోట ద్వారం దాటగానే ఎడమ పక్కనే చర్చి. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, పూజ వేళ తిరగనివ్వరు. ప్రధాన బలిపీఠానికి ఎడమ పక్కది చెరాసి చాపెల్, అంటే చర్చి లోపలి చిన్న ప్రార్థన గది. సౌలు బొమ్మ ఇందులోనే ఉంది. లోపల చీకటి. పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, కాసేపటికే ఆరిపోతుంది. అందుకే యూరో నాణేలు నాలుగైదు దగ్గర ఉంచుకోండి.

అందరూ నడిమధ్యన నిలబడతారు. అక్కడ ఎదురుగా కనిపించేది అన్నిబాలె కరాచ్చి వేసిన మరియమ్మ స్వర్గారోపణం. సౌలు కుడి గోడ మీద ఉన్నాడు, 230 సెంటీమీటర్ల ఎత్తు, 175 వెడల్పు. రెయిలింగ్ ఎడమ మూలకు జరిగితేనే బొమ్మ సరిగ్గా కుదురుతుంది.

ముందు గుర్రాన్ని వదిలేసి సౌలును చూడండి. తల మన వైపు, కళ్లు మూతపడి, చేతులు రెండూ పైకి చాచి, ఎర్రటి వస్త్రం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. గుర్రం ఎత్తిన కాలు అతని మీదే ఉంది కానీ తగలదు. కళ్లెం పట్టుకున్న ముసలాయన ముడతల నుదుటి మీద కూడా వెలుగు పడింది, ఆయనకు మాత్రం ఏమీ తెలియదు. తోటివాళ్లు స్వరం విన్నారు గాని ఎవరినీ చూడలేదని గ్రంథంలో ఉన్నది ఇదే. గుర్రం చిత్రకారుల సంప్రదాయం.

పోపు ఖజానా అధికారి తిబేరియో చెరాసి 1600లో ఈ చాపెల్ కోసం సౌలు బొమ్మ, ఇంకో బొమ్మ కారవాజ్జోను సైప్రస్ చెక్క మీద అడిగాడు. చెక్క మీద వేసిన మొదటి సౌలు బొమ్మలో క్రీస్తు దేవదూతతో ఆకాశం నుంచి వంగి చెయ్యి చాస్తాడు, సౌలు ముఖం కప్పుకుంటాడు. అది ఇప్పుడు ప్రైవేటు సేకరణలో ఉంది. చాపెల్‌లో ఉన్నది కాన్వాసు మీద వేసిన రెండో సౌలు బొమ్మ. ఇందులో క్రీస్తు లేడు, వెలుగు ఒక్కటే. అద్భుతం ఆకాశంలో కాదు, ఆ మూసుకున్న కళ్ల వెనక జరుగుతోంది. నా మటుకు మొదటి దానికన్నా ఇదే గొప్పది.

వాటికన్ మ్యూజియంలో 20 యూరోల టికెట్, ఆన్‌లైన్ బుకింగ్‌కి ఇంకో 5, ఆపైన తోపులాట. ఒక్క పూటే ఉంటే ఇక్కడికే రండి.

బయటికొచ్చే ముందు ఇదే చర్చిలోని కీజీ చాపెల్ కూడా చూడండి. బెర్నీనీ చెక్కిన దేవదూత హబక్కూకు ప్రవక్తను జుట్టు పట్టుకుని, సింహాల గుహలో ఉన్న దానియేలుకు భోజనం ఇమ్మని తీసుకెళ్తుంటాడు. దానియేలు ఎదుటి మూల గూట్లో ఉన్నాడు. ప్రొటెస్టెంట్ల తెలుగు బైబిల్లో ఈ కథ ఉండదు. కాథలిక్ బైబిల్లో దానియేలు 14వ అధ్యాయం చదువుకుని వెళ్లండి.