అమ్మ నల్ల మిషన్‌కు మోటారా, కొత్త జిగ్‌జాగా?

ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. ఇంట్లో అమ్మదో అత్తగారిదో కాలితో తొక్కే పాత నల్ల కుట్టు మిషన్ ఉంటుంది. దానికి మోటారు పెట్టించాలా, అది పక్కన పెట్టి, సూది అటూ ఇటూ ఊగే జిగ్‌జాగ్ మిషన్ కొనాలా అని. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. రెండిటి మీదా కుడతాను, రెండిటినీ విప్పి శుభ్రం చేస్తాను.

చీరలకు పికో, కాజాలు, సాగే బట్టలు మీ పనిలో ఎక్కువైతే జిగ్‌జాగే కొనండి. నల్ల మిషన్‌కు సూది అటూ ఇటూ ఊగదు. జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు, కర్టెన్లు అయితే తిన్నటి కుట్టు నల్ల మిషన్‌దే. జిగ్‌జాగ్‌లో సూది ఊగాలి కాబట్టి ప్లేటు రంధ్రం వెడల్పుగా ఉంటుంది. పల్చటి జార్జెట్ ఒక్కోసారి మొదటి కుట్టుకే అందులోకి దిగిపోతుంది.

నా వరకు అసలు విషయం ఇది కాదు. రేపు పెళ్లనగా ఈ రాత్రి మిషన్ మొరాయిస్తే మీ చేత్తో బాగుచేసుకోగలరా లేదా అన్నదే.

చాలామందికి వచ్చే ఇబ్బంది బట్ట కింద దారం ముద్దకట్టడం. వెంటనే బాబిన్ కేసు (కింది దారం చుట్టిన బాబిన్ పెట్టే చిన్న డబ్బీ) స్క్రూ తిప్పేస్తారు. దయచేసి దాన్ని ముట్టుకోకండి. కింద ముద్దకట్టేది ఎక్కువసార్లు పైదారమే. బట్టను నొక్కిపట్టే ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే, అది పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్లల మధ్యకు చేరదు. ఫుట్ ఎత్తి, దారం మొత్తం తీసి, మళ్లీ ఎక్కించండి. ఇక్కడే నల్ల మిషన్ నాకు నచ్చుతుంది. బిళ్లలు బయటికే ఉంటాయి, మధ్యలో నూగు ఇరుక్కుంటే కంటికి కనిపిస్తుంది. చాలా జిగ్‌జాగ్‌లలో అవి ప్లాస్టిక్ మూత లోపల ఉంటాయి.

బాబిన్ కేసు కూర్చునే కింది షటిల్ మాత్రం ముందువైపు బాబిన్ ఉండే జిగ్‌జాగ్‌లలో, చాలా నల్ల మిషన్లలో దాదాపు ఒకటే. రెండు చెవులు పక్కకు నెట్టి, రింగు తీసి, షటిల్ బయటికి లాగి, బ్రష్‌తో నూగు దులిపి, ఒక్క చుక్క మిషన్ నూనె వేయాలి. కొబ్బరి నూనె వద్దు, అది జిగురుగా గట్టిపడుతుంది.

కుట్టు వదిలేస్తుంటే రెండిట్లోనూ ముందు సూది మార్చండి. జాకెట్ గుడ్డకు 14 నంబరు సూది, పల్చటివాటికి 11, జీన్స్‌కు 16. జిగ్‌జాగ్‌లో సూది చదును వైపు సాధారణంగా వెనక్కి ఉండాలి. నల్ల మిషన్లలో అది మోడల్‌ను బట్టి మారుతుంది, పాత సూది తీసేముందే చూసి పెట్టుకోండి.

ఇక పెద్ద జబ్బులు. నా మొదటి జిగ్‌జాగ్ మీద జీన్స్ అంచు కుడుతుంటే చక్రం బిగుసుకుపోయింది. లోపలి ప్లాస్టిక్ గేరు పన్ను విరిగింది. ఆ పార్టు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నన్ను ఆదుకున్నది అత్తగారి నల్ల మిషనే. దాని లోపల కదిలే భాగాలన్నీ లోహమే. తోలు బెల్టు సాగితే కాస్త కోసి క్లిప్పు వేసుకుంటాం. బాబిన్ చుట్టే చక్రం రబ్బరు రింగు అరిగితే చిన్న ఊరి కొట్లో కూడా దొరుకుతుంది. కరెంటు పోతే మోటారు బెల్టు తీసి, తోలు బెల్టు తగిలించి తొక్కుకోవచ్చు.

 

అందుకే పికో, కాజాలు, సాగే బట్టల పని ఎక్కువ లేకపోతే, నల్ల మిషన్ ఉన్నవాళ్లకు నా సలహా మోటారే. అయితే ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నదైతే వెంటనే మోటారు బిగించకండి. నూనె రంధ్రాలన్నిట్లో చుక్క చుక్క కిరోసిన్ వేసి, దారం లేకుండా చేత్తో చక్రం తిప్పి, కారిన మురికి గుడ్డతో తుడిచి, తర్వాత మిషన్ నూనె వేయండి. చక్రం వేలితో తోస్తే తేలిగ్గా తిరిగాకే మెకానిక్‌ను పిలవండి. మోటారు బెల్టు మరీ బిగించనివ్వకండి, వేలితో నొక్కితే కొంచెం లోపలికి వెళ్లాలి. బిగువుగా ఉంటే మోటారు వేడెక్కుతుంది.